ప్రొటీన్‌ను తిప్పి చూడండి... పేజీ రాసి చూపండి!

బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బీఫార్మసీ... ఈ కోర్సులు చదివిన వందమంది రెజ్యూమెలు పక్కపక్కన పెట్టండి. పేర్లు తీసేస్తే ఏది ఎవరిదో చెప్పడం కష్టం. అవే సబ్జెక్టులు, అవే రెండు ఆన్‌లైన్ సర్టిఫికెట్లు, అదే ‘బయోఇన్ఫర్మాటిక్స్‌పై ఆసక్తి’. ఆసక్తి ఉందని చెప్పేవాళ్లు చాలామందే. ‘ఇదిగో, ఇది నేను చేసిన పని’ అని చూపించగలిగేవాళ్లే తక్కువ. అలా చూపించడానికి పైసా ఖర్చు లేని ఒక చోటు ఉంది. అదే ప్రొటియోపీడియా. ప్రపంచంలో ఎక్కడివాళ్లైనా కలిసి రాసుకునే ప్రొటీన్ల విజ్ఞాన సర్వస్వం ఇది. దీని సంగతేంటో, మీకెలా పనికొస్తుందో చూద్దాం.

ఏమిటిది?

వికీపీడియా మీకు తెలుసు. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. ప్రొటియోపీడియా కూడా ఆ పద్ధతిలోనే నడుస్తుంది. కాకపోతే ఇందులో ఉండేవన్నీ అణువులే. ప్రొటీన్లు, డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ, వాటికి అతుక్కునే మందులు. పేజీలో ఒకవైపు వివరణ ఉంటుంది. పక్కనే ఆ అణువు మూడు కొలతల్లో కదులుతూ కనిపిస్తుంది. మౌస్‌తో పట్టుకుని ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు. దగ్గరకు తెచ్చుకోవచ్చు, లోపలికి తొంగి చూడొచ్చు.

దీని అసలు కిటుకు ఆకుపచ్చ లింకుల్లో ఉంది. చదువుతూ ఉంటే వాక్యం మధ్యలో కొన్ని మాటలు ఆకుపచ్చగా కనిపిస్తాయి. వాటిని నొక్కితే వేరే పేజీకి తీసుకెళ్లవు. పక్కనున్న బొమ్మే మారుతుంది. ‘మందు ఇక్కడ కూర్చుంటుంది’ అని రాసిన చోట నొక్కితే అణువు తనంతట తాను తిరిగి, సరిగ్గా ఆ చోటునే చూపిస్తుంది. అంటే మాట, బొమ్మ కలిసి నడుస్తాయన్నమాట. తరగతిలో మాస్టారు బోర్డు మీద కర్రతో చూపిస్తూ పాఠం చెప్పినట్టే ఉంటుంది.

ఇజ్రాయెల్‌లోని రెహొవొత్ పట్టణంలో ఉన్న వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఇది పుట్టింది. ఎరన్ హోడిస్, జైమీ ప్రిలుస్కీ, ఎరిక్ మార్ట్జ్, ఇజ్రాయెల్ సిల్మన్, జాన్ మౌల్ట్, జోయెల్ సస్‌మన్ కలిసి 2008లో ‘జీనోమ్ బయాలజీ’ పత్రికలో దీన్ని లోకానికి పరిచయం చేశారు. 

డేటా గుట్టలుగా... అర్థం అయ్యేదెవరికి?

దీని అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ప్రొటీన్ల నిర్మాణాలను భద్రపరిచే ప్రొటీన్ డేటా బ్యాంక్, అందరూ పిలుచుకునే పీడీబీ, 1971లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో మొదలైంది. అప్పుడు అందులో ఉన్నవి 7 నిర్మాణాలే. 2023లో ఆ సంఖ్య 2 లక్షలు దాటింది. వారం వారం కొత్తవి వచ్చి చేరుతూనే ఉన్నాయి. ప్రతి నిర్మాణానికీ నాలుగు అక్షరాల గుర్తింపు ఉంటుంది. మన బండి నంబరు లాంటిదనుకోండి.

అంతా ఉచితమే. కానీ ఒక ఫైలు తెరిస్తే కనిపించేదేంటి? ప్రతి పరమాణువు ఎక్కడుందో చెప్పే అంకెల వరసలు. వేలకు వేల లైన్లు. నిర్మాణం కనుక్కున్న శాస్త్రవేత్తకు దాని అర్థం తెలుసు. డిగ్రీ రెండో ఏడాది విద్యార్థికి తెలియదు. పక్క విభాగంలో ఉన్న ప్రొఫెసర్‌కు కూడా చాలాసార్లు తెలియదు. ‘ఈ ప్రొటీన్ ఆకారం ఇది’ అన్నదానికీ, ‘అందుకే ఇది ఈ పని చేస్తోంది’ అన్నదానికీ మధ్య పెద్ద అగాధం ఉండిపోయింది. ఆ అగాధం మీద వంతెన వేయడానికే ప్రొటియోపీడియా వచ్చింది. దాన్ని మొదలుపెట్టినవారిలో ఒకరైన సస్‌మన్ అంతకుముందు పీడీబీకే సారథ్యం వహించారు. సమస్య ఎక్కడుందో దగ్గర్నుంచి చూసిన మనిషి.

పీడీబీలోని ప్రతి నిర్మాణానికీ ప్రొటియోపీడియాలో ఒక పేజీ దానంతటదే తయారవుతుంది. దాని మీద మనుషులు వివరణ చేరుస్తారు. ఇవి కాక, ‘హిమోగ్లోబిన్’, ‘రైబోజోమ్’ లాంటి అంశాల మీద విడిగా రాసిన పేజీలూ ఉంటాయి.

పురుగుమందు డబ్బా నుంచి పాఠం

ఇదంతా గాలిలో మాటల్లా అనిపిస్తోందా? అయితే మన పొలం దగ్గరికే రండి. మోనోక్రోటోఫాస్ పేరు వినని రైతు కుటుంబం మన రెండు రాష్ట్రాల్లో తక్కువ. పత్తి చేలో మందు కొడుతూ కళ్లు తిరిగి పడిపోయినవాళ్ల కథలు మీ ఊళ్లోనూ వినే ఉంటారు. నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, కంటిపాపలు చిన్నవై పోవడం, ఊపిరాడకపోవడం... ఇవన్నీ ఎందుకు జరుగుతాయి?

మన నరాల నుంచి కండరాలకు కబురు మోసేది ఎసిటైల్‌కోలిన్ అనే చిన్న అణువు. కబురు చేరాక దాన్ని వెంటనే తుంచేయాలి. లేకపోతే కండరం, గ్రంథి పని ఆపవు. ఆ తుంచే పని చేసే ఎంజైమే ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్. దాని త్రీడీ నిర్మాణాన్ని 1991లో సస్‌మన్, సిల్మన్ బృందమే కనిపెట్టింది. పసిఫిక్ సముద్రంలో ఉండే ఒక కరెంటు చేప నుంచి ఆ ఎంజైమ్‌ను తీశారు.

ఆ నిర్మాణాన్ని తెర మీద తిప్పి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పని జరిగే చోటు పైకి కనిపించదు. సన్నని బావి లాంటి లోయ ఉంటుంది. లోతు సుమారు 20 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే 2 నానోమీటర్లు. ఆ బావి అడుగున ఒక సెరీన్ అమైనో ఆమ్లం ఉంటుంది. ఎసిటైల్‌కోలిన్‌ను తుంచేది ఆ చోటే. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు నేరుగా వెళ్లి ఆ సెరీన్‌కే ఫాస్ఫేట్ ముక్కను అతికించేస్తాయి. కత్తెరకు తాళం పడినట్టే. ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది. పైన చెప్పిన లక్షణాలన్నీ దాని ఫలితమే. ఆసుపత్రిలో ఇచ్చే ప్రాలిడాక్సిమ్ ఆ ఫాస్ఫేట్ ముక్కను లాగేయడానికి ప్రయత్నిస్తుంది. ఆలస్యమైతే ఆ బంధం గట్టిపడిపోయి ఊడి రాదు. బాధితుణ్ని ఎంత తొందరగా ఆసుపత్రికి చేరిస్తే అంత మంచిదని డాక్టర్లు చెప్పడానికి ఒక కారణం ఇక్కడుంది.

ఇప్పుడు అదే బావిలోకి ఇంకో అణువును పంపుదాం. డొనెపెజిల్. అల్జీమర్స్ రోగులకు ఇచ్చే మాత్ర. ఇది కూడా ఆ ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది. కానీ బంధం వేసుకుని శాశ్వతంగా అతుక్కోదు. బావి పైనుంచి కింది వరకు నిలువునా ఆనుకుని కూర్చుంటుంది, మళ్లీ వచ్చేయగలదు. పీడీబీలో 1ఈవీఈ అనే నిర్మాణంలో దీన్ని కళ్లారా చూడొచ్చు. ఒకటే ఎంజైమ్. ఒక అణువు వెళ్తే విషం, ఇంకో అణువు వెళ్తే ఔషధం. ఎందుకు అన్నదానికి జవాబు పుస్తకంలో పది పేజీలు చదివినా స్పష్టంగా రాకపోవచ్చు. తెర మీద రెండు నిమిషాలు తిప్పి చూస్తే అర్థమవుతుంది.

భీమవరం బిడ్డ చేసిన మందు

మరొకటి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గురించి చిన్నప్పుడు చదివే ఉంటారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం మీద పనిచేసింది. దాన్ని పోలి ఉండి, దాని పని చెడగొట్టే అణువులను తయారుచేసింది. వాటిలో అమైనోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించారు. దాని తమ్ముడు లాంటి మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్న మందు.

మెథోట్రెక్సేట్ అడ్డుకునేది డీహెచ్‌ఎఫ్‌ఆర్ అనే ఎంజైమ్‌ను. ఈ రెండూ కలిసి ఉన్న నిర్మాణం 4డీఎఫ్‌ఆర్ పేరుతో పీడీబీలో ఉంది. ఇది బ్యాక్టీరియా ఎంజైమ్‌. మనిషి ఎంజైమ్‌తో ఉన్నది కావాలంటే 1యూ72 చూడండి. చూడ్డానికి ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్ కవల పిల్లల్లా ఉంటాయి. కాబట్టి రెండూ ఒకేలా కూర్చుంటాయని ఎవరైనా అనుకుంటారు. కానీ నిర్మాణాలు చెప్పింది వేరు. మెథోట్రెక్సేట్‌లోని టెరిడిన్ వలయం దాదాపు 180 డిగ్రీలు తిరగబడి కూర్చుంటుంది! కొద్దిపాటి రసాయన మార్పుతో అణువు కూర్చునే తీరే మారిపోతుందన్నమాట. ఔషధ పరిశోధనలో పనిచేసేవాళ్లకు ఇదొక గొప్ప పాఠం. కాగితం మీద గీసిన బొమ్మను నమ్మి అంచనా వేస్తే సరిపోదు, త్రీడీలో చూడాలి.

చూశారుగా, ఒక రైతు కొడుకు, ఒక భీమవరం మనిషి, ఒక ఎంజైమ్... మీకు తెలిసిన ప్రపంచం నుంచే మంచి పేజీకి కావాల్సిన కథ దొరుకుతుంది.

వాడకం ఎందుకు పెరిగింది?

దీనికి నాలుగు కారణాలు చెప్పుకోవచ్చు.

ఒకటి, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మొదట్లో ఇది జావా మీద ఆధారపడ్డ జేమాల్‌తో నడిచేది. బ్రౌజర్లు జావాను పక్కన పెట్టాక, జావాస్క్రిప్ట్‌తో పనిచేసే జేఎస్‌మాల్ వచ్చింది. దాంతో ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే తెరవొచ్చు. కాలేజీ ల్యాబ్‌లో పాత కంప్యూటరైనా, మీ చేతిలో ఫోనైనా చాలు. పెద్ద అణువులకు మాత్రం ఫోన్‌లో కాస్త ఓపిక పట్టాలి.

రెండు, అధ్యాపకులకు ఇది చేతికి అందిన పనిముట్టు. విద్యార్థుల కోసం ‘శాండ్‌బాక్స్’ పేరిట సాధన పేజీలు కేటాయించే ఏర్పాటు ఇందులో ఉంది. సెమిస్టర్ ప్రాజెక్టుగా ఒక్కో విద్యార్థికి ఒక్కో ప్రొటీన్ ఇచ్చి, పేజీ రాయించే అధ్యాపకులు వేరే దేశాల్లో చాలామంది ఉన్నారు. రికార్డు రాసి, సంతకం పెట్టించుకుని, అటక మీద పడేసే పని కాదిది. రాసింది నలుగురూ చూస్తారు.

మూడు, పరిశోధన పత్రికలు కూడా దీన్ని వాడుకుంటున్నాయి. అచ్చులో వచ్చిన వ్యాసానికి జోడీగా ప్రొటియోపీడియాలో త్రీడీ పేజీ పెట్టే పద్ధతిని కొన్ని పత్రికలు చేపట్టాయి. వ్యాసంలో చదువుకున్నదాన్ని ఇక్కడ తిప్పి చూసుకోవచ్చు.

నాలుగోది చాలా ముఖ్యం. ఇక్కడ మారుపేర్లతో రాయడం కుదరదు. చదవడానికి ఖాతా అక్కర్లేదు. రాయాలంటే మాత్రం అసలు పేరుతో ఖాతా కోసం అభ్యర్థన పెట్టుకోవాలి. పేజీ అడుగున రాసినవాళ్ల పేర్లు కనిపిస్తాయి. ఎవరు ఏ రోజు ఏం మార్చారో చరిత్ర మొత్తం నమోదవుతుంది. అందుకే రాసేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తారు.

ఏఐ వచ్చేసిందిగా... ఇంకా ఇదెందుకు?

మంచి ప్రశ్నే. ఆల్ఫాఫోల్డ్ గురించి మీరు వినే ఉంటారు. అమైనో ఆమ్లాల వరస ఇస్తే ప్రొటీన్ ఆకారాన్ని అంచనా వేసే కృత్రిమ మేధ ఇది. 2022 నాటికి దాని డేటాబేస్‌లో 20 కోట్లకు పైగా అంచనా నిర్మాణాలు చేరాయి. దాన్ని రూపొందించిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు, కొత్త ప్రొటీన్లను రూపొందించిన డేవిడ్ బేకర్‌కు కలిపి 2024 రసాయన శాస్త్ర నోబెల్ దక్కింది.

మరి ఆకారాలన్నీ యంత్రమే ఇచ్చేస్తుంటే మనుషులకు పనేం మిగిలింది? నిజానికి పని పెరిగింది. ఆల్ఫాఫోల్డ్ ఆకారం ఇస్తుంది, దాని మీద తన నమ్మకం ఎంతో 0 నుంచి 100 వరకు మార్కులు కూడా వేసుకుంటుంది. 90 దాటితే గట్టి నమ్మకం. 50 లోపు ఉంటే ఆ భాగాన్ని పట్టుకుని నిర్ణయాలు తీసుకోకూడదు. కానీ ‘ఈ ఆకారం వల్ల ఏం జరుగుతుంది? ఈ మార్పు వస్తే జబ్బు ఎందుకొస్తుంది? మందు ఎక్కడ పట్టు దొరకబుచ్చుకోవాలి?’ అన్నవి చదివి, ఆలోచించి, పోల్చి చెప్పాల్సిన విషయాలు. ప్రయోగంలో తేలిన నిర్మాణానికీ అంచనాకూ తేడా గుర్తుపట్టేవాళ్లు కావాలి. 20 కోట్ల బొమ్మల్లోంచి పనికొచ్చేదాన్ని ఏరేవాళ్లు కావాలి. ఒక మంచి పేజీ రాయడమంటే ఆ చూపును అలవాటు చేసుకోవడమే.

ఉద్యోగానికి ఇదెలా పనికొస్తుంది?

ముందు ఒక మాట సూటిగా చెప్పుకుందాం. ‘ప్రొటియోపీడియా అనుభవం తప్పనిసరి’ అని ఏ కంపెనీ ప్రకటన ఇవ్వదు. పేజీ రాయగానే ఆఫర్ లెటర్ రాదు. ఇది అర్హత కాదు, సాక్ష్యం. ఆ తేడా గుర్తుంచుకుంటే ఆశాభంగం ఉండదు.

హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ చుట్టూ, విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో ఉన్న కొలువుల్లో ఎక్కువ భాగం తయారీ, నాణ్యత పరీక్షలకు సంబంధించినవే. వాటికి ఈ నైపుణ్యం నేరుగా అవసరం పడదు. పరిశోధన వైపు, డేటా వైపు వెళ్లాలనుకునేవాళ్లకే ఇది అక్కరకొస్తుంది. ఎక్కడెక్కడంటే...

• ఔషధ ఆవిష్కరణ: మందు అణువు ప్రొటీన్‌లో ఎలా కూర్చుంటుందో కంప్యూటర్‌లో చూసే విభాగాలు. డాకింగ్ సాఫ్ట్‌వేర్ నడపడం నెలలో నేర్చుకోవచ్చు. వచ్చిన ఫలితం అర్థవంతమైనదో కాదో చెప్పాలంటే నిర్మాణం చదవడం రావాలి.

• కాంట్రాక్ట్ పరిశోధన సంస్థలు: రసాయన శాస్త్రవేత్తలు, జీవశాస్త్రవేత్తలు కలిసి పనిచేసే చోట ఇద్దరి భాషా తెలిసినవాళ్లకు విలువ ఉంటుంది.

• బయోక్యురేషన్: పరిశోధన పత్రాలు చదివి, సమాచారాన్ని సరిచూసి, డేటాబేస్‌లో ఎక్కించే పని. మీ పేజీయే ఈ పనికి నమూనా. మన దేశంలోనూ ఫరీదాబాద్‌లో 2022లో ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్ ప్రారంభమైంది.

• సైంటిఫిక్ రైటింగ్: కష్టమైన విషయాన్ని తేలిగ్గా, తప్పు లేకుండా రాసేవాళ్లు.

• పరిశోధన, పై చదువులు: సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల ప్రాజెక్టు పోస్టులకు, పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లకు. సీఎస్‌ఐఆర్ నెట్, గేట్ బయోటెక్నాలజీ, గ్యాట్-బి, జీప్యాట్ రాసేవాళ్లకు ఎంజైమ్‌లు, ప్రొటీన్ల అధ్యాయాలు బాగా బుర్రకెక్కుతాయి.

అమీర్‌పేటలో డబ్బు కట్టి తెచ్చుకున్న ప్రాజెక్టు రిపోర్టుకూ దీనికీ తేడా ఏంటంటే, ఇంటర్వ్యూ చేసేవాళ్లు మూడో ప్రశ్న దగ్గరే ఆ రిపోర్టు సంగతి పట్టేస్తారు. మీరే కూర్చుని రాసిన పేజీ మీద మాత్రం ముప్పై ప్రశ్నలడిగినా జవాబు మీ దగ్గర ఉంటుంది.

నాలుగు వారాల ప్రణాళిక

రోజుకు గంట చాలు. సెలవుల్లో అయితే ఇంకా తొందరగా అయిపోతుంది.

మొదటి వారం - చూడండి: హిమోగ్లోబిన్, ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్, రైబోజోమ్ లాంటి పేజీలు తెరవండి. ఆకుపచ్చ లింకులన్నీ నొక్కండి. పీడీబీ నిర్మాణాల పేజీల్లో పరిణామ క్రమంలో మారని భాగాలను రంగులతో చూపించే ఏర్పాటు ఉంటుంది. ముదురు ఎరుపు ఊదా వైపు ఉన్నవి మారనివి, నీలి ఆకుపచ్చ వైపు ఉన్నవి మారుతూ వచ్చినవి. మారని భాగాలు ఎక్కడ గుంపుగా ఉన్నాయో చూడండి. చాలాసార్లు పని జరిగే చోటు అక్కడే ఉంటుంది.

రెండో వారం - ఎంచుకోండి: ఒకే ఒక్క ప్రొటీన్. పెద్దదాని జోలికి వెళ్లకండి. మీకు కారణం తెలిసినదై ఉండాలి. ఉదాహరణకు సికిల్‌సెల్. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఉన్న జబ్బు. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వస్తుంది. ఆ వాలీన్ పక్క హిమోగ్లోబిన్ అణువులోని ఒక గుంటలో ఇరుక్కుంటుంది. అలా ఒకదానికొకటి గొలుసు కట్టి కణాన్ని కొడవలిలా వంచేస్తాయి. 2హెచ్‌బీఎస్ అనే నిర్మాణంలో ఈ ఇరుకుడు స్పష్టంగా కనిపిస్తుంది. దాని అసలు పరిశోధన పత్రం, ఇంకో రెండు మూడు సమీక్షా వ్యాసాలు చదివి, మీ మాటల్లో నోట్సు రాసుకోండి.

మూడో వారం - రాయండి: ఖాతా కోసం అభ్యర్థన పెట్టండి. నేరుగా ప్రధాన పేజీల మీదకు వెళ్లకుండా శాండ్‌బాక్స్‌లో మొదలుపెట్టండి. ఆరేడు పేరాలు, నాలుగైదు ఆకుపచ్చ లింకులు చాలు. బొమ్మలు తయారు చేయడానికి అక్కడే పనిముట్లు ఉన్నాయి, కోడింగ్ రానక్కర్లేదు. ఒక్కో లింకు ఒక్క విషయమే చూపాలి. ఒకే బొమ్మలో పది రంగులు పూస్తే జాతరలా ఉంటుంది, అర్థం మాత్రం కాదు.

నాలుగో వారం - చూపించండి: మీ లెక్చరర్‌కు, ఒక సీనియర్‌కు, సబ్జెక్టు తెలియని ఒక స్నేహితుడికి చూపించండి. లెక్చరర్ తప్పులు పడతారు. స్నేహితుడు ఎక్కడ అర్థం కాలేదో చెబుతాడు. రెండూ అవసరమే. దిద్దాక లింకును రెజ్యూమెలో పెట్టండి.

దీంతోపాటు కైమెరాఎక్స్ లేదా పైమాల్, యూనిప్రాట్, బ్లాస్ట్, కొంచెం పైథాన్ నేర్చుకుంటే మీ చేతి సంచిలో పనిముట్లు సరిపడా ఉన్నట్టే. ఎన్‌పీటెల్‌లో ఉచిత పాఠాలున్నాయి. సైన్స్ అకాడమీలు ఏటా ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసేటప్పుడు కూడా ఈ పేజీ గురించి రాయొచ్చు.

ఈ పనులు చేయొద్దు

• కాపీ కొట్టొద్దు. వికీపీడియా నుంచో, పరిశోధన పత్రం నుంచో, చాట్‌బాట్ నుంచో తెచ్చి అతికిస్తే చరిత్రలో మీ అసలు పేరుతోనే నమోదవుతుంది. మంచి పేజీ ఎలా సాక్ష్యమో, ఇదీ అలాగే సాక్ష్యం.

• ఆధారం లేని వాక్యం రాయొద్దు. ప్రతి విషయానికీ ఏ పత్రం నుంచి తీసుకున్నారో చెప్పాలి.

• రిజల్యూషన్ చూడకుండా మాట్లాడొద్దు. ఇక్కడ అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. 4డీఎఫ్‌ఆర్ 1.7 ఆంగ్‌స్ట్రామ్‌లు, 1ఈవీఈ 2.5. అంటే మొదటిదానిలో వివరాలు ఇంకా స్పష్టం. 4 దాటిన నిర్మాణంలో ఒక హైడ్రోజన్ బంధాన్ని పట్టుకుని ఘంటాపథంగా చెప్పలేం.

• వేరేవాళ్లు రాసిన పేజీలో తప్పు కనిపిస్తే చెరిపేయడానికి తొందరపడొద్దు. పేజీకి అనుబంధంగా చర్చా పేజీ ఉంటుంది. అక్కడ మర్యాదగా అడగండి. పనిచేసే చోట నలుగురితో మెలగడం కూడా ఇలాగే నేర్చుకోవాలి.

ఇంటర్వ్యూలో ఇలా అడగొచ్చు

రెజ్యూమెలో లింకు పెట్టారంటే ప్రశ్నలు అక్కడినుంచే మొదలవుతాయి. వీటికి సిద్ధంగా ఉండండి.

‘ఈ ప్రొటీన్‌నే ఎందుకు ఎంచుకున్నారు?’ - ‘మా సార్ ఇచ్చారు’ అనేది జవాబు కాదు. ‘మా ఊళ్లో ఈ జబ్బు ఉంది, దాని కారణం కళ్లతో చూడాలనిపించింది’ అనేది జవాబు.

‘ఈ నిర్మాణం ఎలా కనుక్కున్నారు?’ - ఎక్స్‌రే క్రిస్టలోగ్రఫీనా, క్రయో-ఈఎమ్మా, ఎన్‌ఎమ్‌ఆర్‌ఆ? ఒక్కోదాని బలం, బలహీనత రెండు వాక్యాల్లో చెప్పగలగాలి.

‘ఈ అమైనో ఆమ్లాన్ని మార్చేస్తే ఏమవుతుంది?’ - ఇదే అసలు పరీక్ష. ఛార్జి పోతుందా, సైజు మారుతుందా, మందు పట్టు సడలుతుందా... ఆలోచించి చెప్పండి. తెలియకపోతే తెలియదని చెప్పి, ఎలా తెలుసుకుంటారో చెప్పండి. దానికీ మార్కులుంటాయి.

‘మీ పేజీలో లోపమేంటి?’ - ఒకటైనా సిద్ధంగా ఉంచుకోండి. తన పనిలో లోపం తనకు తెలిసినవాళ్లనే ల్యాబులు నమ్ముతాయి.

జవాబులు తెలుగు మీడియం ఇంగ్లిష్‌లో వచ్చినా కంగారు పడకండి. ల్యాప్‌టాప్ తెరిచి, అణువును తిప్పి చూపిస్తూ చెబితే సగం భాష ఆ బొమ్మే మాట్లాడుతుంది.

మారుమూల డిగ్రీ కాలేజీలో ఖరీదైన పరికరాలు ఉండకపోవచ్చు. క్యాంపస్ డ్రైవ్‌కు ఒక్క పరిశోధన సంస్థా రాకపోవచ్చు. ఆ లోటు నిజమే. కానీ పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో చూసే 4డీఎఫ్‌ఆర్, భీమవరంలో మీ ఫోన్‌లో చూసే 4డీఎఫ్‌ఆర్ ఒక్కటే. అందులో ఒక్క పరమాణువు కూడా తేడా ఉండదు. ఇవాళ రాత్రి ఒక ప్రొటీన్ పేరు కాగితం మీద రాసుకోండి. రేపు దాన్ని తెరిచి తిప్పి చూడండి.